మంచు తెప్పించిన కొడుకు

ప్రశ్న: అమ్మా, జపాన్ పిల్లలు కొత్త సంవత్సరం రోజుల్లో ఆడే నూరు పద్యాల పేకాట గురించి కిందటి నెల రాశారు. ఆ నూరు పద్యాలూ ఏరినవాడు ఫుజివారా నో తేయికా అని ఒక్క ముక్క చెప్పి వదిలేశారు. ఆయన చక్రవర్తి కొలువులో పెద్ద కులీనుడని విన్నాను. పట్టుబట్టలు, పూలతోటలు, పద్యాలు... ఇదేనా ఆ బతుకు? తల్లిదండ్రులెవరు? ఇల్లెలా గడిచేది? కాస్త వివరంగా చెప్పరూ.
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: ఇల్లెలా గడిచేదని అడిగారు చూడండి, ఆ మాట దగ్గరే మొదలుపెడతానమ్మా. తేయికా డైరీ తెరిస్తే పద్యాలకంటే ముందు కళ్ళబడేవి ఇంటి సంగతులే. 'మేయిగెత్సుకి' అని దాని పేరు. 1180లో, తన 19వ ఏట మొదలుపెట్టి 1235 దాకా రాశాడు. మధ్యలో పోయినవి పోగా మిగిలిందే పెద్ద గుట్ట. క్యోటోలో చదువుకునే రోజుల్లో మా గురువుగారు వారానికి రెండు పేజీల చొప్పున దాన్ని మాచేత చదివించేవారు. అంతా చైనా లిపిలో, చైనా వాక్యపు పోకడలో రాసిన వచనం. గంటసేపు కుస్తీ పట్టాక తేలేదేమిటి? దగ్గు తగ్గలేదు. భూముల మీద రావలసిన ధాన్యం రాలేదు. ఫలానావాడికి తనకంటే ముందు పదవి పెరిగింది. మొదట్లో ఉసూరుమనిపించేది. రెండో ఏడాదికి ఆ మనిషి మీద ప్రేమ పుట్టింది.

ఫుజివారా అంటే మహా పెద్ద వంశం. చక్రవర్తులకు పిల్లనిచ్చి, మనవల పేర రాజ్యం నడిపినవాళ్ళు. అయితే ఆ పెత్తనమంతా ఒక్క పెద్ద శాఖదే. తేయికా పుట్టినది మికోహిదారి అనే చిన్న శాఖలో. మహామంత్రి మిచినాగా కొడుకుల్లో నాగాయియే అనే ఆయన నుంచి దిగిన కుటుంబం అది. తరాలు గడిచేకొద్దీ పదవులు పలచబడ్డాయి. కొలువులో మూడో అంతస్తు అందితేనే ఉన్నత కులీనుల వరసలో కూర్చోనిస్తారు. ఆ మెట్టు కింద ఉన్నవాడు ఉత్సవాలకు ముందు నడవాలి, రాత్రి కాపలా కాయాలి, పెద్దవాళ్ళ బళ్ళ వెనక వానలో పరిగెత్తాలి. తేయికా 1162లో పుట్టాడు. మూడో అంతస్తు అందింది 1211లో, అంటే 50వ ఏట. అంగరక్షక దళంలో ఉపసేనాని లాంటి ఒక్క పదవిలోనే 13 ఏళ్ళు నలిగాడు. పేరుకే దళం, కత్తి అలంకారానికే. అక్కణ్ణించి ఒక్క మెట్టు పైకెక్కాలని చక్రవర్తిని పెంచిన దాదిగారి గుమ్మం ఎన్నిసార్లు ఎక్కాడో డైరీలో రాసుకున్నాడు. ఆ పుటలు చదువుతుంటే నాకు గొంతు పట్టేసేది. చేతిలో అంత విద్య పెట్టుకుని!

తండ్రి షున్‌జేయి. ఆ కాలపు కవులకు పెద్దదిక్కు. తేయికా పుట్టేనాటికి ఆయనకు 49వ ఏడు నడుస్తోంది. తల్లి 'కాగా' అనే పేరుతో ఒక చక్రవర్తి భార్య దగ్గర కొలువు చేసిన స్త్రీ. ఆమె మొదటి భర్త సన్యసించాడు. ఆ పెళ్ళిలో పుట్టిన తకానోబు తర్వాత రూపచిత్రాలు గీయడంలో ఘనుడయ్యాడు. అంటే తేయికాకు తల్లివైపు అన్నగారు. షున్‌జేయి తన అన్నదమ్ముడి కొడుకు ఒకణ్ణి అప్పటికే పెంచుకుంటున్నాడు. తేయికా పుట్టి ఎదిగాక ఆ పిల్లవాడు వారసత్వం వదులుకుని సన్యాసి అయ్యాడు. జకురెన్ అనే గొప్ప కవి ఆయనే. అక్కల్లో చాలామంది అంతఃపురాల్లో పనిచేసినవాళ్ళే. ఒకావిడ తన కొలువు రోజుల జ్ఞాపకాలు రాసి పెట్టింది. ఆ ఇంట్లో పద్యం ఇంటిల్లిపాదీ చేసే పని. కంసాలి ఇంట్లో పిల్లలకి పట్టకారు ఎలాగో, వీళ్ళకి 31 మాత్రల పద్యం అలాగ.

ఇప్పుడు ఒక సంగతి చెప్తాను. 1185 చివర్లో, రాజభవనంలో పంట పండుగ నాట్యాలు జరుగుతున్న రాత్రి, మసాయుకి అనే ఉద్యోగి తేయికాను ఎగతాళి చేశాడు. తేయికా చేతిలో కాగడా పుల్ల ఉంది. దాంతో ముఖం మీద కొట్టాడు! కొలువు నుంచి వెళ్ళగొట్టారు. అప్పుడు ముందుకొచ్చినది 72వ ఏట ఉన్న తండ్రి. అప్పటికే గుండు చేయించుకుని బౌద్ధ దీక్షలో ఉన్నాడాయన. పదవి దిగినా పెత్తనం చేస్తున్న గోషిరాకావా ప్రభువు దగ్గరి అధికారికి ఒక పద్యం పంపాడు. కొంగ మబ్బుల దారిలో తప్పిపోయిన ఏడాది ముగిసిపోయింది, వసంతపు పొగమంచు కూడా దారి మూసేస్తుందా అని అడిగాడు. కొంగ అంటే కొడుకు, మబ్బుల దారి అంటే రాజభవనం. వసంతంలో క్షమాపణ దొరికింది.

అంతటితో అయిపోలేదు. 1200లో, పదవి దిగిన చక్రవర్తి గోతోబా ప్రభువు నూరేసి పద్యాలు రాయమని కవులను పిలిచినప్పుడు, పోటీ కవుల ముఠా తేయికా పేరు లేకుండా చేసింది. 87వ ఏట తండ్రి మళ్ళీ కలం పట్టాడు. లాంఛనపు చైనా భాష పక్కనబెట్టి, తేట జపాను మాటల్లో, ఇది అన్యాయం అని నేరుగా ప్రభువుకే ఉత్తరం రాశాడు. పేరు చేరింది. తేయికా రాసిన నూరు పద్యాలు చదివిన 21వ ఏటి గోతోబా ముగ్ధుడైపోయి, తన సన్నిధికి రావడానికి అనుమతి ఇచ్చాడు. మరుసటి ఏడాదే 'షిన్ కోకిన్‌షూ' అనే మహాసంకలనం కూర్చడానికి నియమించిన ఆరుగురిలో తేయికా ఒకడు. ఆరుగురిలో జకురెన్ కూడా ఉన్నాడు, పని మొదలైన మరుసటేడే పోయాడు.

1204 చలికాలం మొదట్లో షున్‌జేయికి జ్వరం ముదిరింది. 91వ ఏడు. ముసలాయన మంచు కావాలన్నాడు. నగరానికి ఉత్తరాన ఉన్న కొండల నుంచి ఎలాగో తెప్పించారు. నోట్లో పెట్టుకుని, ఎంత బాగుంది, చెప్పడానికి మాటలే లేవు అంటూ మళ్ళీ మళ్ళీ అడిగి తిన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళకు భయం వేసి అర్ధరాత్రి ఆ మంచును దాచేశారు. కొద్ది రోజులకే ప్రాణం పోయింది. తేయికా ఇదంతా డైరీలో రాశాడు, విశేషణాలు లేకుండా, పద్యం కట్టకుండా. ఆయన చేసిన పద్యాల్లో పూలున్నాయి, వెన్నెలుంది, సాయంకాలపు సముద్రతీరముంది. నాకు మాత్రం ఆయన రాసినవాటన్నిటిలోకీ ఈ మంచు ముక్కలే ఎక్కువ.


ప్రశ్న: చుట్టూ యుద్ధం జరుగుతుంటే ఈ తేయికా "అది నా పని కాదు" అని రాసుకున్నాడట. సమురాయిలు దేశాన్ని చేజిక్కించుకుంటున్న రోజుల్లో ఒక ప్రభువు అలా అనడం పిరికితనం కాదా?
– ఒక విశ్రాంత సైనికోద్యోగి

జవాబు: అయ్యా, ఆ మాట డైరీలో 1180 సెప్టెంబరు ప్రాంతపు పుటలో ఉంది. ఎర్రజెండాలు, శత్రువుల మీద దండయాత్రలు నా పని కాదు అని. చైనా కవి బో జుయి పద్యపాదాన్ని అరువు తెచ్చుకుని అన్నాడు. తైరా, మినామోతో వంశాల యుద్ధం అప్పుడే మొదలైంది. ఆ వాక్యాన్ని పాత పుటలు తిరగరాయించుకునేటప్పుడు ముసలితనంలో చేర్చాడని చాలామంది పండితుల అభిప్రాయం. నాకూ అదే సబబనిపిస్తుంది. 19వ ఏటివాడు అనే మాటలా లేదు అది. పోయినవాటి లెక్క చూసుకున్నవాడి మాటలా ఉంది.

పిరికితనం అనను. ఆ కులీనులకు సైన్యం లేదు, ఉన్నదల్లా కొలువు పరిచయాలు, కొన్ని భూములు. తేయికా కుటుంబానికి ఇసే ప్రాంతంలో, హరిమాలో, ఇంకా అక్కడక్కడా షోయెన్ అనే భూములుండేవి. యుద్ధం గెలిచిన మినామోతోలు కామకురాలో తమ ప్రభుత్వం పెట్టుకుని, ఊళ్ళ మీద జితోలనే అధికారులను నియమించారు. వాళ్ళు సమురాయిలు. పంట వాళ్ళ చేతుల మీదుగా రావాలి, సగం వచ్చేది, కొన్నిసార్లు అదీ లేదు. యుద్ధం తన పని కాదన్నవాడి వంటింటిదాకా యుద్ధం వచ్చింది.

1221లో ఏం జరిగిందో చూడండి. దానికి ముందటేడు తేయికా గోతోబా ప్రభువు కోపానికి గురయ్యాడు. ప్రభువు మనుషులు 1213లో ఆయన తోటలోని రెండు విల్లో చెట్లను పెళ్ళగించుకుపోయారు, రాజుగారి తోటకోసం. 1220లో, తల్లి వర్ధంతి రోజున రమ్మని కబురొస్తే, తేయికా విల్లో మీదే పద్యం చెప్పాడు. దారిపక్క పొలంలో విల్లో లోలోపల చిగురిస్తోంది, నా దుఃఖపు పొగతో పోటీ పడుతున్నట్టు అని. చిగురించడానికీ రగలడానికీ జపాను భాషలో ఒకటే ధ్వని. గోతోబాకు అందులో తన మీది ఫిర్యాదు వినిపించింది. పద్యసభలకు రావద్దన్నాడు. మరుసటేడే గోతోబా కామకురా మీద యుద్ధం ప్రకటించి, నెలరోజుల్లో ఓడిపోయి, ఓకి ద్వీపానికి ప్రవాసం వెళ్ళాడు. కొలువులో ఆయన చుట్టూ ఉన్న ఎందరో తలలు పోగొట్టుకున్నారు. ప్రభువు గెంటేసిన తేయికా మిగిలాడు.

మిగలడమే కాదు, పైకొచ్చాడు కూడా. ఆయన భార్య తోబుట్టువు సైయోన్‌జి కిన్‌త్సునే కామకురా పక్షపువాడు. యుద్ధం ముందర గోతోబా ఆయన్ని బంధించి ఉంచాడు కూడా. యుద్ధం అయ్యాక రాజధానిలో ఆయన మాటే చెల్లింది. నగరానికి ఉత్తరాన ఆయన కట్టించుకున్న విలాసభవనం ఉన్నచోటే తర్వాతి కాలంలో బంగారు మండపం లేచింది, యాత్రికులు ఇప్పుడు ఫోటోలు తీసుకునే కింకకుజి. బావమరిది దయవల్ల తేయికా పదవులూ కదిలాయి. 1232లో, 71వ ఏట, గోన్‌చూనాగోన్ అయ్యాడు, మంత్రిమండలి అంచున ఒక ఆసనం. మరుసటేడే గుండు చేయించుకుని దీక్ష తీసుకున్నాడు.

ఓకి ద్వీపంలో గోతోబా ఆయన గురించి రాసిన మాటలు దొరుకుతాయి. పద్యవిద్యలో సాటిలేనివాడని మెచ్చుకుంటూనే, తన మాటే నెగ్గాలని లేడిని గుర్రమని వాదించే రకం అన్నాడు. రెండూ నిజమేననిపిస్తుంది. వాళ్ళిద్దరూ మళ్ళీ కలుసుకోలేదు. ప్రభువు 1239లో ఆ ద్వీపంలోనే పోయాడు.

ఇంకొక్కటి, మీరు అడగకపోయినా. 1230లో వేసవి చలిగా గడిచి పంటలు పోయాయి. మరుసటేడు క్యోటో వీధుల్లో శవాలు పడి ఉండేవి, కుళ్ళిన వాసన ఇంటి లోపలిదాకా వచ్చేదని రాశాడు తేయికా. అంతకుముందే ఆయన పూలతోటలో ఒక భాగం తవ్వించి గోధుమ జాతి పంట వేయించాడు. పూలంటే ప్రాణమిచ్చే మనిషి! 1230 చలికాలంలోనే ఆకాశంలో ఒక వింత చుక్క కనబడింది, అతిథి నక్షత్రం అనేవారు. దుశ్శకునమేమోనని కంగారుపడి, జ్యోతిషుల ఇంటి వ్యక్తిని అడిగి, పాతరోజుల్లో అలాంటివి ఎప్పుడెప్పుడు వచ్చాయో జాబితా రాసి పెట్టుకున్నాడు. అందులో 1054లో వచ్చినది ఒకటి, బృహస్పతి అంత పెద్దదని. ఆ పేలుడు శేషమే నేటి ఖగోళ శాస్త్రవేత్తల క్రాబ్ నెబ్యులా. ఆకలి భయంతో ఉన్న కుటుంబ పెద్ద రాసుకున్న జాబితా అది.


ప్రశ్న: అంత గొప్ప కవి కొడుకు పద్యాలు మానేసి బంతాట ఆడేవాడని చదివాను. నిజమేనాండీ? తర్వాత ఏమయ్యాడు?
– ఇద్దరు మగపిల్లల తల్లి

జవాబు: నిజమేనండీ. పేరు తమేయియే, 1198లో పుట్టాడు. తేయికా మొదటి భార్యకు పుట్టిన మిత్సుయియే ఉన్నా, వారసత్వం రెండో భార్య కొడుకైన తమేయియేకే దక్కింది. ఆవిడే కిన్‌త్సునే తోబుట్టువు. మేనమామ బలం ఉన్నవాడు ముందుకొస్తాడు, అప్పటి లెక్క అది.

ఆట పేరు కెమారి. నలుగురైదుగురు, ఇంకా ఎక్కువమంది గుండ్రంగా నిలబడి తోలుబంతిని కాలితో ఎగరేస్తూ నేల తాకకుండా ఆపాలి. గెలుపూ ఓటమీ లేవు, సొగసే ముఖ్యం. గోతోబాకు, ఆయన కొడుకు జున్‌తోకు చక్రవర్తికి అది మహా పిచ్చి. తమేయియే కాలు మంచిది. అందుకని ప్రభువులిద్దరూ కుర్రాణ్ణి వదిలేవారు కారు. ఇంట్లో తండ్రి మాత్రం డైరీలో కుమిలిపోయేవాడు. రాత్రీ పగలూ బంతే, పుస్తకం ముట్టడు, ఈ ఇంటి విద్య నాతో ఆఖరేనేమో అని. ఆయన్ని గట్టిగా తప్పుపట్టలేను. ఆ డైరీ ఎందుకు రాస్తున్నాడో గుర్తుంచుకోవాలి. కులీనుల డైరీ మనసు విప్పుకోవడానికి కాదు. ఏ ఉత్సవంలో ఎవరు ఎటు నిలబడ్డారు, ఏ రంగు కట్టుకున్నారు, ఎన్ని అడుగులు వేశారు అని వారసుడికోసం రాసే కొలువు గ్రంథం అది. ఆ పాత ఉదాహరణలు తెలిసిన ఇంటికే కొలువులో విలువ. కొడుకు దాన్ని తెరవకపోతే యాభై ఏళ్ళ రాత ఎవరికోసం?

యుద్ధం తర్వాత చక్రవర్తులు దీవుల పాలయ్యారు. బంతాట ఆడించేవాళ్ళు లేరు. తమేయియే తనకు పద్యం రాదని బెంగపెట్టుకుని సన్యసించేద్దామనుకున్నాడట. జియెన్ అనే వృద్ధ మతాచార్యుడు, ఆయనా కవే, ఇంకాస్త కష్టపడి చూడమని ఆపాడు. 1223లో కుర్రాడు అయిదు రోజుల్లో వెయ్యి పద్యాలు చెప్పాడు. బంతి నేల తాకకుండా గంటలు గంటలు ఆడిన ఓపిక అక్కడ అక్కరకొచ్చిందని నేననుకుంటాను. తర్వాత్తర్వాత తండ్రి అందుకోలేని గోన్‌దైనాగోన్ పదవీ అందుకున్నాడు, తానూ ఒక రాజసంకలనం కూర్చాడు. మీ పిల్లల గురించి మీరేమీ అడగలేదు, నేనూ ఏమీ చెప్పను.

ఆ నూరు పద్యాల పేకాటకు మూలం కూడా ఈ కొడుకే అనొచ్చు. తమేయియే పెళ్ళాడినది ఉత్సునోమియా యోరిత్సునా అనే తూర్పుదేశపు సమురాయి కూతుర్ని. కులీనుల ఇంటికి కత్తి పట్టే ఇంటి కోడలు! ఆ వియ్యంకుడు దీక్ష తీసుకుని ఒగురా కొండ దగ్గర ఇల్లు కట్టుకున్నాడు. తలుపుల మీద అతికించడానికి పాత కవుల పద్యాలు మీ చేత్తో రాసివ్వమని పట్టుబట్టాడు. 1235 అయిదో నెల 27న తేయికా డైరీలో రాసుకున్నాడు, నా చేతిరాత చూడలేనిదే అయినా రాసి పంపాను అని. ఇప్పుడు మన చేతికొచ్చిన వరసలో ఆ నూరూ ఒక తండ్రీకూతుళ్ళ పద్యాలతో మొదలై, తండ్రీకొడుకుల పద్యాలతో ముగుస్తాయి. ఆ ఆఖరి ఇద్దరు గోతోబా, జున్‌తోకు.

కూతురి గురించి ఎవరూ అడగరు, నేనే చెప్తాను. ఇన్‌షి, తమేయియేకంటే పెద్దది, అంతఃపురంలో కొలువు చేసింది, మంచి కవయిత్రి. తండ్రి ఆమె బట్టలకోసం, బండికోసం అప్పులపాలు కావడానికీ వెనకాడలేదు. ఆ ఇంటి ఆడవాళ్ళకు మనం ఎంతో రుణపడి ఉన్నాం. 1225 మొదట్లో తేయికా రాస్తాడు, కిందటి చలికాలం నుంచి ఇంట్లోని ఆడపిల్లలచేత గెంజి కథ అనే పాత నవల 54 భాగాలూ నకలు రాయించాను, నిన్నటికి పూర్తయింది అని. అంతకుముందున్న ప్రతి దొంగలపాలైందట. ఇవాళ మనం చదివే గెంజి కథకు ఆయన సరిచూసిన పాఠమే ప్రధాన ఆధారం. ఆ సిరా వెనక పేరు లేని చేతులు ఎన్నో.


ప్రశ్న: వాళ్ళ వంశం ఇప్పటికీ ఉందా? ఇల్లు చూడొచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: ఉంది బాబూ. తేయికా 1241లో, 80వ ఏట పోయాడు. తమేయియే ముసలితనంలో అబుత్సు అనే విదుషిని చేరదీశాడు. ఆవిడ కొడుకు తమేసుకే మీది ప్రేమతో, పెద్దకొడుక్కి ఇచ్చిన హరిమాలోని హొసోకావా భూమిని వెనక్కి తీసుకుని చిన్నవాడికి రాశాడు, తేయికా పుస్తకాలు కూడా. 1275లో తమేయియే పోగానే తగవు మొదలైంది. అబుత్సు 1279లో కామకురాదాకా వెళ్ళి న్యాయాధికారుల ముందు దావా వేసింది. తీర్పు చూడకుండానే పోయింది. భూమి చివరికి 1313లో తమేసుకేకు దక్కింది. మూడు శాఖలైన ఆ ఇంట్లో నిజో, క్యోగోకు అంతరించిపోయాయి. తమేసుకేది రేయిజేయి శాఖ, అదే నిలిచింది.

వాళ్ళ ఇల్లు క్యోటోలో, పాత రాజభవనానికి ఉత్తరాన, ఇమాదెగావా వీధిలో ఉంది. 1788 మంటల్లో కాలిపోతే 1790లో మళ్ళీ కట్టారు. చక్రవర్తి 1869లో టోక్యో వెళ్ళినప్పుడు కులీనుల కుటుంబాలు చాలావరకు వెంట కదిలాయి, వాళ్ళ ఇళ్ళు నేలమట్టమయ్యాయి. వీళ్ళు కదల్లేదు. ఇప్పుడు మూడువైపులా దోషిషా విశ్వవిద్యాలయపు భవనాలు, మధ్యలో ఆ మట్టిగోడ. మామూలు రోజుల్లో లోపలికి వదలరు. నేను రోజూ కళాశాలకు ఆ గోడ పక్కనుంచే సైకిల్ మీద వెళ్ళేదాన్ని.

లోపల మందపాటి మట్టిగోడల పుస్తకాల కొట్టు ఉంది. 1788 మంటలు దాన్ని తాకలేదు. ఇంటి పెద్ద, వారసుడు తప్ప ఎవరూ అందులో అడుగుపెట్టకూడదు, దేవుడి గదితో సమానం. 1980లో మొదటిసారి పండితులకు తలుపులు తెరిచారు, మరుసటేడు వాటి రక్షణకు ఒక సంస్థ పెట్టారు. తేయికా సొంత చేతిరాత డైరీ అక్కడే ఉంది. 2000లో దాన్ని జాతీయ నిధిగా ప్రకటించారు. ఒకసారి ప్రదర్శనలో అద్దం వెనక చూశాను. లావుగా, పొట్టిగా, వంకరగా ఉండే అక్షరాలు. ఆయన తన రాతను దయ్యపు రాతతో పోల్చుకునేవాడు. తర్వాతి తరాలు దాన్నే మురిసి అనుకరించాయి. కాగితం కరువైన రోజులు కదా, తనకొచ్చిన ఉత్తరాలు తిరగేసి వెనకవైపు డైరీ రాసుకున్నాడు. కొన్నిచోట్ల ముందువైపు సిరా నీడలా ఇవతలికి కనిపిస్తుంది. ఏదో పనిమీద ఎవరో ఒకరు హడావిడిగా రాసి పంపిన చీటీలు అవి. వెనక ఖాళీగా ఉందని ఆయన దాచుకోబట్టి అవీ ఇంకా ఉన్నాయి.